ముందు కూర్చున్నవాళ్ళే లేచి రావాలి

ప్రశ్న: "హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్తున్నాం. ఆఫీసువాళ్ళు నాకు బిజినెస్ క్లాస్ ఇచ్చారు. నా భార్య టికెట్ సొంత ఖర్చు కాబట్టి ఎకానమీ. ఇరవై గంటలు ఇలా విడివిడిగా కూర్చోవడం తప్పా? మా అత్తగారికి తెలిస్తే ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది."

తప్పేం కాదు బాబూ, హాయిగా కూర్చోండి. కాకపోతే ముందు కూర్చున్నవాళ్ళకి ఒక పని ఉంటుంది. చాలామంది ఆ పని చెయ్యరు.

అసలు మొగుడూ పెళ్ళాం పక్కపక్కనే కూర్చుని ప్రయాణం చెయ్యాలన్న పట్టింపు మనకి ఎప్పుడొచ్చిందో నాకర్థం కాదు. మాది తెనాలి. పెళ్ళయిన కొత్తలో గుంటూరు వెళ్ళాలంటే ఆర్టీసీ ఎర్రబస్సే. ముందు సీట్లు ఆడవాళ్ళవి కాబట్టి నేను అక్కడ కూర్చునేదాన్ని. ఆయన వెనకాల రాడ్డు పట్టుకుని నిలబడేవారు. కండక్టర్ వచ్చి టికెట్ అంటే "వెనకాల తీసుకుంటారు" అనడమే. కొత్త జంట విడిగా కూర్చున్నారే అని ఆ బస్సులో ఒక్కళ్ళూ జాలిపడలేదు. ఇప్పుడైతే ఇంకా విచిత్రం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, మా ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి. నేను ఆధార్ కార్డు చూపించి ఉచితంగా కిటికీ పక్కన కూర్చుంటాను, ఆయన డబ్బులిచ్చి మరీ నిలబడతారు. మరి దీన్ని ఏ క్లాసంటారో ఆ విమానాలవాళ్ళే చెప్పాలి.

ఇక నా సంగతి. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. రెండో కాన్పుకి మేమిద్దరం వెళ్ళాం. దాని దగ్గర ఏవో పాయింట్లున్నాయి, అవి ఒక్కరిని బిజినెస్ క్లాసుకి మార్చడానికే సరిపోతాయి. అదీ గల్ఫ్‌లో విమానం మారాక డల్లాస్ దాకా, దాదాపు 16 గంటల ముక్కకి మాత్రమే. "నాన్నకి నడుము నొప్పి, నీకు మోకాళ్ళు. మీరే తేల్చుకోండి" అంది. మావారు లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు, ఏదైనా ఒక్క నిమిషంలో తేల్చేస్తారు. "పడుకోవడానికి అంత డబ్బెందుకే, ఇంట్లో మంచం లేదా? నువ్వే కూర్చో" అన్నారు. సరే, కూర్చున్నాను. ఇందులో త్యాగం లేదు, అన్యాయమూ లేదు.

కాని చుట్టాలు ఊరుకుంటారా? మా ఆడపడుచు ఫోన్ చేసి "అన్నయ్యని వెనక కూర్చోబెట్టి నువ్వు ముందు కూర్చుంటావా వదినా?" అంది. ఆవిడ భర్త కంపెనీ పని మీద సింగపూర్ వెళ్ళేటప్పుడు బిజినెస్ క్లాసులో వెళ్ళారు. ఈవిడ ఇద్దరు పిల్లల్ని వేసుకుని వెనకాల కూర్చుంది. అప్పుడు మాలో ఎవ్వరికీ ఈ ప్రశ్న రాలేదు, ఆవిడకీ రాలేదు. పెళ్ళాం ముందు కూర్చుంటేనే లోకానికి దాంపత్యం గుర్తొస్తుంది.

మా చెల్లెలికి మాత్రం దాంపత్యంతో పని లేదు. అది ఆ ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్ అంతా చదివేసింది. ఎకానమీలో 23 కిలోల పెట్టెలు రెండు, బిజినెస్‌లో 32 కిలోల పెట్టెలు రెండు. "అక్కా, నీకు 18 కిలోలు ఎక్కువొస్తుంది కదే" అంటూ ఆస్టిన్‌లో ఉన్న వాళ్ళబ్బాయికి ఆవకాయ, గోంగూర, అరిసెలు, ఇంకా ఒక ఇత్తడి దీపపు సెమ్మె పంపింది. ఈ సామాన్ల గోల మీద వేరే జవాబే రాయొచ్చు. అమెరికాలో ఇండియన్ షాపు లేని ఊరు వెతికినా దొరకదు, అయినా మనం బియ్యప్పిండి మోసుకెళ్తూనే ఉంటాం.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మీకు పనికొస్తుంది. మా ఇద్దరి టికెట్లూ మొదట ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండేవి. ఒకరి క్లాసు మార్చేసరికి దాన్ని రెండుగా విడగొట్టారు. ఆ విడగొట్టడంలో మావారికి చెప్పి ఉంచిన వెజిటేరియన్ భోజనం కాస్తా ఎగిరిపోయింది. విమానం ఎక్కాకగాని మాకు తెలియలేదు. మీవి ఎలాగూ వేర్వేరు టికెట్లు కాబట్టి ముందే ఫోన్ చేసి, మేమిద్దరం కలిసి వెళ్తున్నామని రెండింటిలోనూ రాయించుకోండి. లేకపోతే దారిలో ఒక విమానం తప్పిపోయిందంటే వాళ్ళ కంప్యూటర్‌కి మీరిద్దరూ ఎవరికి వారే. మిమ్మల్ని ఒక విమానంలోకి, ఆవిణ్ణి ఇంకోదాంట్లోకి సర్దేస్తుంది.

సరే, ఎక్కాం. నేను ఎడమవైపుకి, ఆయన కుడివైపుకి. నా సీటు నిజంగా మంచమే. బటన్ నొక్కితే పూర్తిగా వాలిపోతుంది, దుప్పటి, తలగడ, వేడి వేడి తడి తువ్వాలు. పక్కనున్నాయన సూటు విప్పకుండానే ల్యాప్‌టాప్ తెరిచాడు, నావైపు చూడను కూడా లేదు. బిజినెస్ క్లాసులో మనుషులు మాట్లాడరు. అంత డబ్బు పెట్టేది ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటానికేనని నా అనుమానం.

భోజనం పెట్టే వేళకి మావారి షుగర్ మాత్రలు గుర్తొచ్చాయి. అవి ఎప్పుడూ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయి. ఆయన తెర దాటి ముందుకి రాబోతే ఎయిర్ హోస్టెస్ ఆపేసిందట. మలయాళీ అమ్మాయి, మర్యాదగానే చెప్పింది, కాని రానివ్వలేదు. నేను వెనక్కి వెళ్తానంటే మాత్రం తనే తెర తీసి పట్టుకుంది. నా అభిప్రాయమంతా దీని మీదే నిలబడి ఉంది, కాస్త గమనించండి. ఆ తెర ఒకవైపే తెరుచుకుంటుంది. వెనకున్నవాళ్ళు ముందుకి రాలేరు. ముందున్నవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి వెళ్ళొచ్చు. అలాంటప్పుడు లేచి వెళ్ళాల్సిన బాధ్యత ఎవరిది?

వెళ్ళి చూస్తే మావారు మహారాజులా ఉన్నారు. ఆగస్టు నెల కదా, విమానం నిండా ఎమ్మెస్ చదవడానికి వెళ్తున్న పిల్లలే. అటొకడు, ఇటొకడు, మధ్యలో ఈయన. ఒకడిది నల్గొండ, ఇంకొకడిది భీమవరం, ఇద్దరికీ అదే మొదటి విమానం. వెజ్ భోజనం రాలేదని తెలిసి ఆ నల్గొండ అబ్బాయి తన ట్రే ఈయనకిచ్చి తను చికెన్ తీసుకున్నాడు. భీమవరం అబ్బాయి వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర తీశాడు. ఈయనేమో వాళ్ళకి ప్రాబబిలిటీ చెబుతున్నారు! "నువ్వెళ్ళవే, పడుకో" అని నన్నే తరిమారు. అన్నయ్యని వెనక కూర్చోబెట్టానని ఏడ్చిన ఆడపడుచుకి ఆ దృశ్యం చూపించాల్సింది.

తిరిగి వస్తుంటే గోడ పక్క వరసలో ఒక అమ్మాయి కనిపించింది. పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. ఒళ్ళో ఏడాది నిండని పాప గుక్కపట్టి ఏడుస్తోంది. పక్క సీట్లో మూడేళ్ళ బాబు ఆ అమ్మాయి మోచేతి మీద తలపెట్టి నిద్రపోతున్నాడు, అంటే ఆ చెయ్యి కదపడానికి లేదు. భోజనం ట్రే మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు చెవుల్లో అవేవో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తెలుగమ్మాయే. "మీ ఆయన రాలేదా అమ్మా?" అన్నాను. "ముందున్నారాంటీ. ఆఫీసు టికెట్. దిగగానే మీటింగ్ ఉందని పడుకున్నారు" అంది. ఫిర్యాదులా కూడా కాదు, టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది.

పాపని నేనెత్తుకుని, తినమన్నాను. తింది. కాని నా మోకాళ్ళతో ఆ ఇరుకు దారిలో ఎంతసేపు నిలబడగలను? ఎయిర్ హోస్టెస్‌ని పిలిచి, ఈ అమ్మాయిని కాసేపు నా సీట్లో పడుకోనివ్వొచ్చా అని అడిగాను. కుదరదు, ఆ సీటు మీ పేరు మీద ఉంది, విమానంలో క్లాసులు మార్చడానికి లేదంది. సరే, రూలు రూలే. పాపని తల్లికిచ్చి ముందుకెళ్ళాను. ఆ అబ్బాయి ఎక్కడున్నాడో వెతికే పని లేకుండా నాకు రెండు వరసల అవతలే ఉన్నాడు. కళ్ళకి గంతలు, మెడ దాకా దుప్పటి. జిల్లా పరిషత్ హైస్కూల్లో వెనక బెంచీవాళ్ళని నిద్ర లేపిన చెయ్యి నాది. భుజం మీద తట్టి "బాబూ, మీ పాప ఏడుస్తోంది, వెళ్ళు" అన్నాను.

లేచి కూర్చుని నన్నెగాదిగా చూశాడు. "మీరెవరండీ?" అన్నాడు. "టీచర్‌ని" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు, అయినా వెళ్ళాడు. భార్యని ముందుకి పంపడానికి వంద రూల్స్ అడ్డొచ్చాయి, ఆయన వెనక్కి వెళ్ళి పాపని ఎత్తుకుని నడవటానికి ఒక్క రూలూ అడ్డు రాలేదు. నేను మళ్ళీ అటు వెళ్ళినప్పుడు చూస్తే, ఆ అమ్మాయి రెండు సీట్లలో ముడుచుకుని నిద్రపోతోంది. అతను వంటగది దగ్గర పాపని భుజాన వేసుకుని ఊపుతున్నాడు. ఊపడం చూస్తే అలవాటున్న చెయ్యిలా అనిపించలేదు గాని, పాప మాత్రం నిద్రపోయింది.

డల్లాస్‌లో దిగేటప్పుడు అతను నాతో మాట్లాడలేదు. నాకేం నష్టం?

మీరు చెడ్డవారని నేననడం లేదు. ఆఫీసువాళ్ళిచ్చిన టికెట్ వదులుకోమనీ అనను. ఎందుకు వదులుకోవాలి? ఆ సీటు ధర మామూలుగా ఎకానమీకి మూడు నాలుగు రెట్లు. మీరు ఎకానమీలోకి మారినంత మాత్రాన ఆ మిగులు మీ భార్య చేతికి రాదు. పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. లేకపోతే సమస్యే లేదు, ఆవిడకి నడవా పక్క సీటు తీసుకుని, మాత్రలు, ఛార్జర్, స్వెటర్ ఎవరివి వాళ్ళ సంచిలో సర్దండి. ఉంటే మాత్రం అలారం పెట్టుకుని రెండు మూడు గంటలకోసారి వెనక్కి వెళ్ళండి. "ఏమైనా కావాలా?" అని అడిగి వచ్చెయ్యడం కాదు. పిల్లని ఎత్తుకోండి, ఆవిణ్ణి బాత్‌రూముకి వెళ్ళనివ్వండి, వేడిగా ఉండగానే భోజనం చెయ్యనివ్వండి.

ఇలా లేచి నడవడం మీ ఒంటికీ మంచిదే. కాళ్ళలో రక్తం గడ్డకట్టడాన్ని ఎకానమీ క్లాస్ సిండ్రోమ్ అంటారు గాని, ఆ గడ్డకి క్లాసులు తెలియవు. నాలుగు గంటలకి మించి కదలకుండా ప్రయాణం చేస్తే ఆ ముప్పు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళలో ఆరువేల మందిలో ఒకరికి వచ్చేదే, భయపడక్కర్లేదు. కాని అది విమానానికే కాదు, బస్సుకీ రైలుకీ కూడా వర్తిస్తుంది. పరుపు మీద పడుకున్నంత మాత్రాన మిమ్మల్ని వదిలెయ్యదు.

దిగేటప్పుడు ఇంకొకటి. ముందువాళ్ళని ముందు దింపుతారు. నేను వీల్‌చెయిర్ రాయించుకున్నాను. ఆ నెట్టే మనిషి నన్ను చకచకా తీసుకుపోవాలని చూశాడు. మావారు వచ్చేదాకా కదలనన్నాను. ఇమిగ్రేషన్ దగ్గర ఇద్దరం కలిసే నిలబడ్డాం. మాలాంటి ముసలివాళ్ళని ఎన్నాళ్ళుంటారు, ఎవరింట్లో ఉంటారు అని అడుగుతారు. ఆ జవాబులన్నీ ఆయన ఫైల్లో ఉన్నాయి, ఆరు నెలలకి ముద్ర వేసి పంపించారు. మీరూ గేటు దగ్గర ఆగండి. మీటింగ్‌కి ఆలస్యమవుతుందని ఆవిడకంటే ముందు ట్యాక్సీ ఎక్కేస్తారేమో, ఆ పని మాత్రం చెయ్యకండి.

ఇక మీ అత్తగారి సంగతి. బోర్డింగ్ అవగానే కాళ్ళు చాపుకున్న ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకుండా ఉంటే ఆవిడకి తెలిసే అవకాశమే లేదు. ఒకవేళ మీ భార్యే చెప్పినా కంగారుపడకండి. ఆ టికెట్ మీద రెండు పెట్టెలకీ 32 కిలోల చొప్పున వస్తుందని పనిలో పనిగా చెప్పెయ్యమనండి. సీటు మాట మర్చిపోయి రాత్రికల్లా కారప్పొడి, కందిపొడి డబ్బాలకి టేపు చుట్టడం మొదలుపెడతారు.