లింకు ద్వారా పిలిస్తే దారి తప్పే లాంచర్ స్క్రిప్టు

ప్రశ్న: నేను రాసిన లాంచర్ స్క్రిప్టు (ప్రోగ్రామును మొదలుపెట్టే షెల్ ఆదేశాల ఫైలు) తన ఫోల్డరులో చక్కగా పనిచేస్తుంది. దానికి ‘/యుఎస్ఆర్/లోకల్/బిన్’లో సింబాలిక్ లింకు (అసలు ఫైలు దారిని చూపే మారుపేరు) పెట్టి నడిపితే మాత్రం లైబ్రరీ ఫైళ్లు కనబడలేదంటూ ఆగిపోతోంది. ‘రీడ్‌లింక్ -ఎఫ్’ ఆదేశం (లింకు చూపే అసలు ఫైలు దారిని చెప్పేది) వాడితే లైనక్స్‌లో సరిపోయింది కానీ మిత్రుడి పాత మ్యాక్‌లో ఎర్రర్ వచ్చింది. రెండింటికీ పనికొచ్చే పద్ధతి ఏది?

జవాబు: స్క్రిప్టును ఏ పేరుతో పిలిచామో ఆ పేరునే ‘డాలర్ జీరో’ ($0) వేరియబుల్ చెబుతుంది, ఆ పేరు వెనుక అసలు ఫైలు ఎక్కడుందో చెప్పదు. కాబట్టి మీ ‘డిర్‌నేమ్’కు (దారిలోంచి ఫోల్డరు భాగాన్ని తీసే ఆదేశానికి) లింకు ఉన్న ఫోల్డరే దొరుకుతోంది. ఇక ‘-ఎఫ్’ ఆప్షన్ మ్యాక్ ఓఎస్‌లోకి 2022లో, 12.3 వెర్షన్‌తో గానీ రాలేదు. అంతకుముందు కూడా ఆప్షన్ లేని రీడ్‌లింక్ అక్కడ ఉంది, మనకు అది చాలు.

పేరు సింబాలిక్ లింకు అయినంతవరకు ‘వైల్’ లూప్‌లో ఒక్కొక్క మెట్టు రీడ్‌లింక్‌తో విప్పుకుంటూ వెళ్లండి. చాలామంది పొరబడేది ఇక్కడే. లింకులో ‘../పట్టిక/బిన్/లాంచర్’ అని ఉంటే, ఆ దారిని లెక్కించవలసింది లింకు ఉన్న ఫోల్డరు నుంచే తప్ప, వాడుకరి ఆ క్షణాన నిలిచి ఉన్న ఫోల్డరు నుంచి కాదు. లింకు పక్కనే నిలబడి పరీక్షించినవారికి ఈ తప్పు కనబడదు, ఎందుకంటే అప్పుడు రెండు ఫోల్డర్లూ ఒకటే. అందువల్ల రీడ్‌లింక్ ఇచ్చిన జవాబు ‘/’తో మొదలుకాకపోతే, దాని ముందు లింకు ఫోల్డరు పేరును చేర్చి, ఆ తర్వాతే మళ్లీ పరీక్షించాలి.

చివరికి దొరికిన ఫోల్డరులోకి ‘సీడీ -పీ’తో వెళ్లి ‘పీడబ్ల్యూడీ -పీ’తో పేరు తీసుకోండి, ‘-పీ’ లేకపోతే, దారిలో ఫోల్డరే లింకు అయినచోట షెల్ ‘..’ను అక్షరాల లెక్కన కొట్టివేసి మరోచోటికి పోగలదు. సీడీ ఫోల్డర్లను వెతికే చోట్ల జాబితా అయిన ‘సీడీపాత్’ వేరియబుల్‌ను ముందే ఖాళీ చేయండి, లేదంటే సీడీ తన గమ్యాన్ని అచ్చువేసి మీ ఫలితంలో కలిపేస్తుంది. ప్రతి వేరియబుల్‌నూ డబుల్ కోట్స్‌లో ఉంచడం మరవవద్దు.

తనకు తానే తిరిగివచ్చే లింకుల భయం అక్కరలేదు. లైనక్స్ కెర్నల్ 40 లింకులకు మించి వెంబడించదు, కాబట్టి అలాంటి పేరుతో మీ స్క్రిప్టు అసలు మొదలే కాదు. టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్) లాంచర్‌లో కనబడే, ఫైలు వివరాలు చూపే ‘ఎల్ఎస్ -ఎల్‌డీ’ ఫలితంలో బాణం గుర్తు తర్వాతి భాగాన్ని ఏరుకునే పాత పద్ధతిని నేను సిఫారసు చేయను, ఫైలు పేరులోనే బాణం గుర్తు ఉంటే అది మోసపోతుంది.