10 లక్షల పాయింట్ల సిమ్యులేషన్‌లో స్పార్స్ మ్యాట్రిక్స్‌కి ఎంత మెమరీ కావాలి?

3డీ గ్రిడ్‌లో 10 లక్షల పాయింట్లు, అంటే మ్యాట్రిక్స్‌లో 10 లక్షల వరుసలు. స్పార్స్ అంటే దాదాపు అన్నీ సున్నాలే కాబట్టి, ఒక్కో వరుసలో సున్నా కాని విలువలు 7. ర్యామ్ ఎంత పడుతుందని కదా మీ ప్రశ్న? సున్నా కాని విలువల్నే వరుసలవారీగా దాచే సీఎస్ఆర్ పద్ధతిలో ఒక్కో విలువకు 8 బైట్లు, దాని కాలమ్ నంబరుకు 4. అలా 70 లక్షల విలువలకు 84 ఎంబీ. ఏ వరుస ఎక్కడ మొదలవుతుందో చెప్పే అరేకి (జాబితాకి) ఇంకో 4 ఎంబీ. మొత్తం 88 ఎంబీ. సున్నాలన్నీ దాచుకుంటే 8 టీబీ అయ్యేది!

అసలు టెన్షన్ సాల్వర్‌తోనే, అంటే ఆ మ్యాట్రిక్స్ సమీకరణాల్ని సాధించే పద్ధతితోనే. అడుగడుగునా జవాబుకు దగ్గరయ్యే జీఎంఆర్ఈఎస్ పద్ధతి ఒక్కో అడుగుకు 10 లక్షల సంఖ్యల వెక్టర్ ఒకటి దాచుకుంటుంది. దాన్ని 30 అడుగులకోసారి రీస్టార్ట్ చేస్తే, ఆ వెక్టర్లే దాదాపు 240 ఎంబీ, అంటే మ్యాట్రిక్స్ కంటే ఎక్కువ. మ్యాట్రిక్స్‌ని రెండు త్రిభుజాకార మ్యాట్రిక్స్‌లుగా విడగొట్టే ఎల్‌యూ పద్ధతి అయితే సున్నాలున్న చోట కొత్త విలువలు పుట్టుకొచ్చి లెక్క గిగాబైట్లలోకి పోతుంది. మీ మ్యాట్రిక్స్ సిమెట్రిక్ (వరుసలు, కాలమ్‌లు తారుమారు చేసినా మారనిది), పాజిటివ్ డెఫినిట్ (ఐగెన్ విలువలన్నీ సున్నా కంటే ఎక్కువ ఉన్నది) అయితే ముందు కాంజుగేట్ గ్రేడియంట్ అనే సాల్వర్ పెట్టి చూడండి. దానికి నాలుగైదు వెక్టర్లు చాలు.