‘మాయ్’ అంటే కొనడమా, అమ్మడమా?

బీజింగ్‌లో నేను చైనా భాష నేర్చుకున్న సంగతి పోయిన సంచికలో రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. హన్మకొండలో మా ఇంటి పైగదిలో పద్నాలుగేళ్లుగా ఈ భాష చెబుతున్నాను కాబట్టి, నేను చూసిందీ చేసిందీ మాత్రమే చెబుతాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. బీజింగ్‌లో విదేశీ పిల్లలకు చైనా భాష నేర్పే యూనివర్సిటీ ఉందట, ఏడాది కోర్సుకు వెళ్తానంటోంది. భాష నేర్పడానికే ఒక యూనివర్సిటీనా? మా ఆయనకు నమ్మకం కుదరట్లేదు.
— ఒక తల్లి, నర్సంపేట

చెల్లెమ్మా, అది నిజమైన యూనివర్సిటీయే. 1998 సెప్టెంబరు నుంచి ఏడాది పాటు నేను చదివింది అక్కడే. పేరు బీజింగ్ భాషా సంస్కృతి విశ్వవిద్యాలయం. నగరానికి వాయవ్యంలో, హైద్యన్ ప్రాంతంలో ఉంది. దగ్గర్లోనే వుతావ్‌ఖౌ రైల్వే గేటు ఉండేది. గేటు పడగానే వందల సైకిళ్లు ఆగిపోయేవి. కాజీపేట రైళ్ల చప్పుడులో పెరిగిన దాన్ని, ఆ గేటు దగ్గర కాసేపు నిలబడితే ఇంటి మీద బెంగ కొంచెం తగ్గేది. 2016లో ఆ గేటు తీసేశారు.

అంత పెద్ద బడి మొదలైంది ఒక చిన్న బృందంతో. 1950 చివర్లో తూర్పు యూరప్ దేశాల నుంచి 33 మంది విద్యార్థులు బీజింగ్ చేరారు. ముందు భాష వస్తే గానీ మిగతా చదువు లేదు. సింఘువా విశ్వవిద్యాలయంలో వాళ్ల కోసం ప్రత్యేక తరగతి పెట్టారు. 1952లో అది పీకింగ్ విశ్వవిద్యాలయానికి మారింది. విదేశీయులకు ఈ భాష ఎలా చెప్పాలో అప్పటికి ఎవరికీ పెద్దగా అనుభవం లేదు. రోమన్ అక్షరాల్లో ఉచ్చారణ రాసే పిన్యిన్ పద్ధతి కూడా 1958లోనే వచ్చింది. మొదటి పాఠ్యపుస్తకం అచ్చయిందీ ఆ ఏడాదే.

1962లో విదేశీ విద్యార్థుల కోసం విడిగా ఒక సన్నాహక పాఠశాల పెట్టారు. రెండేళ్లకు దాన్ని బీజింగ్ భాషా సంస్థ అన్నారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో అదీ మూతపడింది. 1973లో మళ్లీ విదేశీ విద్యార్థులు వచ్చారు. 1978 నాటికి విదేశీయులకు నాలుగేళ్ల డిగ్రీ ఖాయమైంది. 1996లో అది బీజింగ్ భాషా సంస్కృతి విశ్వవిద్యాలయం అయింది. కజకిస్తాన్ అధ్యక్షుడు తొకాయెవ్, ఇథియోపియా మాజీ అధ్యక్షుడు ములాతు తెషోమె ఇద్దరూ అక్కడ చైనీస్ నేర్చుకున్నవాళ్లే.

ఆ బడి పెరగడానికి అసలు కారణం, నేను చూసినంతలో, భవనాలు కాదు. అక్కడి టీచర్లు మన తప్పులను దాచిపెట్టుకుంటారు! మా టీచరమ్మ దగ్గర ఒక గళ్ల నోటుబుక్కు ఉండేది. కొరియా అమ్మాయి ఎక్కడ తడబడింది, రష్యా అబ్బాయి ఏ మాట తిప్పి రాశాడు, నేను ఏ స్వరం (మాట పలికేటప్పుడు గొంతు ఎత్తి దించే తీరు) తప్పాను, అన్నీ దేశాలవారీగా రాసుకునేది. మర్నాటి పాఠం అందులోంచే పుట్టేది. రోజూ ఉదయం ఎనిమిదికి ‘థింగ్‌శ్యే’, అంటే ఆమె చెబుతుంటే విని రాయడం. పది పదాలు. మొదటి వారం నాకు రెండు కూడా సరిగ్గా రాలేదు, గదికి వెళ్లి ఏడ్చాను.

ఆమె ఒక్కరే కాదు, బడి మొత్తానిదీ అదే పద్ధతి. హెచ్ఎస్కే అనే చైనీస్ పరీక్షను 1984 నుంచి తయారు చేసింది ఈ బడివాళ్లే. 1992 నుంచి 2005 దాకా ఆ పరీక్షలో విదేశీయులు రాసిన వ్యాసాలు 11 వేలకు పైగా ఏరి, ప్రతి తప్పుకూ గుర్తు పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఏ దేశం వాళ్లు ఎక్కడ పొరబడతారో వెతికితే దొరుకుతుంది. నేర్చుకునేవాడి తప్పుకు అంత విలువ ఇచ్చిన చోటును నేను ఇంకెక్కడా చూడలేదు.

కాబట్టి అమ్మాయిని పంపండి. కానీ వట్టి చేతులతో పంపవద్దు. ఇక్కడే ఆరు నెలలు మొదటి పాఠాలు నేర్చుకోనివ్వండి. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) పార్ట్ టైం కోర్సుల గురించి కనుక్కోండి. చలి గురించి భయం వద్దు, నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా గదులన్నిటికీ హీటింగ్ ఇస్తారు. మామిడికాయ తొక్కు మాత్రం రెండు డబ్బాలు ఎక్కువే కట్టివ్వండి.

ప్రశ్న: మేడమ్, చైనాలో ఎంబీబీఎస్ సీటు చూస్తున్నాను. క్లాసులన్నీ ఇంగ్లీషులోనే, చైనీస్ అక్కర్లేదని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. నిజమేనా?
— ఇంటర్ బైపీసీ విద్యార్థి, జగిత్యాల

సగం నిజం. ఆ సగమే చెప్పి సీటు అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపం, బాబూ. మన జాతీయ మెడికల్ కమిషన్ 2021 నిబంధనల ప్రకారం విదేశీ ఎంబీబీఎస్ ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలి, చదువు కనీసం 54 నెలలు సాగాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. క్లాసు ఇంగ్లీషులో నడుస్తుంది, సరే. వార్డులో మంచం మీదున్న ముసలాయన ఇంగ్లీషు మాట్లాడతాడా? మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో పేషెంటు తెలుగులోనే కదా చెప్పుకుంటాడు.

మూడో ఏడాది సెలవులకు వచ్చిన ఒక అబ్బాయి నా దగ్గర కూర్చుని తల వంచుకున్నాడు. ఆస్పత్రిలో అందరూ కేస్ రాసుకుంటుంటే తను గోడ పక్కన నిలబడేవాడట. ‘నార్ థంగ్?’ అంటే ‘ఎక్కడ నొప్పి?’ అని. ఆ రెండు ముక్కలతో మొదలుపెట్టించాను. చాలా యూనివర్సిటీలు మెడిసిన్ పిల్లలను హెచ్ఎస్కే నాలుగో మెట్టు పాస్ కావాలంటాయి. 2010లో వచ్చిన ఆరు మెట్ల లెక్కలో దానికి 1200 పదాలు. రోజుకు మూడు నేర్చుకున్నా ఏడాదికి వెయ్యి దాటుతాయి. టెన్షన్ పడకు, ఈరోజే మొదలుపెట్టు.

ప్రశ్న: నేను ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తిదారును. మా తేజ కాయలు ఎగుమతిదారుల ద్వారా చైనా పోతాయి. వాళ్ల మనుషులు వచ్చినప్పుడు ఫోన్‌లో అనువాదం పెట్టుకుంటున్నాం. 47 ఏళ్ల వయసులో నాకు ఈ భాష వస్తుందా అక్కా?
— ఒక పాఠకుడు, వరంగల్

వస్తుంది తమ్ముడూ. మీకు కావలసింది కవిత్వం కాదు, రెండు మూడు వందల మాటలు. అక్షరాల జోలికి ఇప్పుడే పోకండి, చెవితో నేర్చుకోండి.

మొదట మీ సరుకు పేరు: ‘లాచ్యావ్’, మిరపకాయ. తర్వాత మీ వ్యాపారానికి ప్రాణమైన మాట ‘మాయ్’. స్వరం కిందికి దిగి మళ్లీ లేస్తే కొనడం. పై నుంచి ఒక్క దెబ్బన కిందికి పడితే అమ్మడం. పిల్లవాణ్ని ‘పో!’ అని గదమాయిస్తాం చూడండి, అలా పడాలి. పలుకు అదే, స్వరం మారితే అర్థం తలకిందులు. మీరు ఫోన్‌లో మాట్లాడినా ఈ స్వరం సరిగా లేకపోతే యంత్రం కూడా పొరబడుతుంది.

ఇంకొకటి, నా నోటుబుక్కులో మన వాళ్ల తప్పుల్లో ఎక్కువసార్లు రాసుకున్నది. పిన్యిన్‌లో ‘బ’ లాగా కనిపించేది నిజానికి మన ‘ప’. బీజింగ్‌ను వాళ్లు ‘పెయ్‌చింగ్’ అనే అంటారు. ‘ప’ లాగా కనిపించేది మాత్రం ‘ప’కు ఒత్తు పెట్టి గట్టిగా ఊదే ధ్వని. ఒత్తక్షరాలు మనకు రాతలో ఉన్నాయి గానీ నోట్లో సగం పోయాయి, ఖమ్మాన్ని కమ్మం అంటాం. పెదాల ముందు పలుచటి కాగితం ముక్క పట్టుకుని పలకండి. ఒత్తినప్పుడు కాగితం ఎగరాలి, ఒత్తనప్పుడు కదలకూడదు. మా టీచరమ్మ నాతో వారం రోజులు ఇదే చేయించింది.

ప్రశ్న: తెలుగు వాళ్లకు చైనీస్‌లో సులువైనది ఏదైనా ఉందా మేడమ్?
— డిగ్రీ విద్యార్థిని, పరకాల

ఉంది తల్లీ. అన్నకు ఒక మాట, తమ్ముడికి ఇంకో మాట. అక్క వేరు, చెల్లి వేరు. మేనమామకూ చిన్నాన్నకూ పెదనాన్నకూ వేర్వేరు పేర్లు. ఇంగ్లీషు పిల్లలు వీటిని బట్టీ కొడతారు, మనకు ఇంట్లో ఉన్నవే. ‘చాప’లో మనం పలికే ‘చ’, ‘చేప’లో పలికే ‘చ’ వేరు కదా, ఆ మొదటి చ కూడా చైనీస్‌లో ఉంది.

ఒకరోజు టీచరమ్మ ‘వోమన్’, ‘చాన్‌మన్’ మధ్య తేడా చెబుతోంది. రెండూ ఇంగ్లీషు ‘వుయ్’ లాంటివే, కానీ రెండో దాంట్లో ఎదుటి మనిషి తప్పకుండా ఉంటాడు. క్లాసులో చాలామందికి అరగంటైనా అందలేదు. నేను చెయ్యెత్తి, మా భాషలో ‘మేము’, ‘మనం’ అని రెండు మాటలున్నాయని చెప్పాను. ఆమె సుద్దముక్క నా చేతికిచ్చింది. బోర్డు మీద తెలుగులో రెండూ రాశాను. ఆమె తన గళ్ల నోటుబుక్కు తీసి, నా పేరు పక్కన ఆ అక్షరాలను చూస్తూ, మెల్లగా, ఒక్కొక్కటే గీసుకుంది.