బాబు టెన్త్‌కి ఎక్స్‌ట్రా టైమ్, స్క్రైబ్ ఎలా అంటే

అక్కా, మీ బాబు తొమ్మిదో తరగతి, నోటితో అడిగితే పాఠమంతా గడగడా చెప్పేస్తాడు, పేపర్ మీద మాత్రం సగం కూడా రాయలేడు, మాస్టారేమో బద్ధకం అంటున్నారని రాశారు కదండి, నాకైతే డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన లోపం, అయ్యుండొచ్చు అనిపిస్తోంది, ముందు అమలాపురంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచర్‌కి చూపించండి. పిల్లాణ్ని మాత్రం తిట్టకండి అక్కా.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ అభ్యసన లోపం కూడా ఉంది, ఎక్స్‌ట్రా టైమ్, స్క్రైబ్ (పిల్లాడు చెప్తుంటే జవాబు రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల మినహాయింపు 17వ సెక్షన్‌లోనే రాశారు. కేంద్రం 2018లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో స్క్రైబ్ అర్హత ఉన్నవాళ్ళకి గంటకి కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలన్నారు, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. కాకపోతే చేతిలో వైకల్యం సర్టిఫికెట్ ఉండాలండి, అందుకే సచివాలయంలో సదరం (ఆ సర్టిఫికెట్ కోసం డాక్టర్లు చేసే పరీక్ష) స్లాట్ సంగతి ఇప్పుడే కనుక్కోండి, టెన్త్ ఫీజు కట్టేదాకా ఆగితే పరుగులే.

క్లాసులో ముందు బెంచీ, బోర్డు మీదది ఎక్కించుకోలేకపోతే నోట్స్ జిరాక్స్, యూనిట్ టెస్టులు కొన్ని నోటితో, ఇవి హెడ్మాస్టర్ గారికి కాగితం మీద రాసి అడగండి. స్క్రైబ్ దొరికితే చాలనుకోవద్దు, చెప్పి రాయించడం బాబుకి అలవాటవ్వాలి, ఇంట్లో రోజూ ఒక జవాబు వాడు చెప్తుంటే మీరు రాయండి.