ఆ ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఒక పేరుంది

అమ్మాయీ,

అమెరికన్ కామెడీ సినిమాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. చేయి తిరుగుతోంది, అందులో సందేహం లేదు. హాస్యనటుడు బిల్ మరే గురించి రాసిన పేజీలు హాయిగా సాగాయి. కానీ ఆ పేజీల్లోనే ఒకచోట "దారిలో ఎవరో ఇన్సూరెన్స్ ఏజెంట్ తగులుతాడు" అని రాసి ముందుకెళ్ళిపోయావు. నువ్వు వెళ్ళిపోయావు గానీ నేను అక్కడే ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ "ఎవరో" గురించే.

ఆయన పేరు స్టీఫెన్ టొబొలౌస్కీ. 1993లో వచ్చిన 'గ్రౌండ్‌హాగ్ డే'లో నెడ్ రైయర్సన్ వేషం వేశాడు. కథ నీకు తెలిసిందే. టీవీలో వాతావరణం చెప్పే ఫిల్, అంటే మన బిల్ మరే, ఒకే రోజులో ఇరుక్కుపోతాడు, ఎన్నిసార్లు నిద్రలేచినా అదే ఫిబ్రవరి 2. హైస్కూల్లో కలిసి చదువుకున్న నెడ్ ప్రతి ఉదయం వీధిలో ఎదురవుతాడు. గుర్తుపట్టావా అంటూ మీద పడి, నవ్వుతూనే మాటను పాలసీల దగ్గరికి తెస్తాడు. వదిలించుకుని అడుగు వేస్తే ఫిల్ కాలు నీళ్ళ గుంటలో పడుతుంది.

ఆ నటుడి పని ఎంత కష్టమో చూడు. మరేకి ప్రతి ఉదయం కొత్త. ఒకరోజు చిరాకు పడొచ్చు, ఒకరోజు భయపడొచ్చు, ఒకరోజు మొహం మీద గుద్దొచ్చు. నెడ్‌కి మాత్రం ప్రతిరోజూ మొదటి రోజే. పాత స్నేహితుడు దొరికాడన్న సంబరం, ఓ పాలసీ అమ్ముడుపోతుందన్న ఆశ ప్రతిసారీ అంతే తాజాగా ఉండాలి, నిన్నటిది పిసరంత కూడా మొహంలో మిగలకూడదు. నెడ్ మారకుండా నిలబడ్డాడు కాబట్టే ఫిల్ ఎంత మారాడో మనకు తెలుస్తోంది. చివరికి ఫిల్ ఆయన దగ్గర ఉన్న పాలసీలన్నీ కొనేస్తాడు. నువ్వు దాన్ని హీరో మంచితనంగా రాశావు. నెడ్ వైపు నుంచి చూస్తే అది మంచి బేరం కుదిరిన రోజు, అంతే. కథ జరిగేది పెన్సిల్వేనియాలోని ఒక ఊళ్ళో, సినిమా తీసింది మాత్రం ఇల్లినాయిలోని వుడ్‌స్టాక్‌లో. అక్కడ నెడ్ ఎదురయ్యే ఆ వీధి మలుపులో ఇప్పుడు నెడ్ పేరుతో ఒక ఫలకం ఉంది. ఊరివాళ్ళు గుర్తుపెట్టుకున్న మనిషి నీ వ్యాసంలో "ఎవరో" అయిపోయాడు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కామెడీలో చిన్న వేషం వేసినవాడు మనల్ని నవ్వించడానికి రాడు, తన పని మీద వస్తాడు. వాడి పనికి, హీరో గొడవకి ఎక్కడ రాపిడి పుట్టిందో అక్కడే నవ్వు. కాబట్టి ఏ సీన్ గురించి రాసినా ముందు ఆ చిన్న మనిషికి ఆ పూట ఏం కావాలో చూడు. పాలసీ అమ్మాలా, హోటల్ పరువు కాపాడాలా, ఊరేగింపు సమయానికి మొదలవ్వాలా? అది పట్టుకున్నావంటే మిగతాది దానంతట అదే నడుస్తుంది.

ఊరేగింపు అన్నాను కదా, 1940ల నాటి హాలీవుడ్ రచయిత, దర్శకుడు ప్రెస్టన్ స్టర్జెస్ దగ్గరికి రావాలి. ఆయన్ని నువ్వు ఒక్క పేరాలో తేల్చేశావు, అన్యాయం. దర్శకత్వం ఇస్తే చాలని 'ది గ్రేట్ మెక్‌గింటీ' స్క్రిప్టును పారమౌంట్ కంపెనీకి 10 డాలర్లకు ఇచ్చేసిన మనిషి. 1940లో ఆ సినిమా వచ్చింది, దాని రచనకు ఆస్కార్ కూడా వచ్చింది. అక్కడినుంచి 1944 దాకా వరసగా వచ్చిన ఆయన కామెడీల్లో అవే మొహాలు తిరుగుతుంటాయి: విలియం డెమరెస్ట్, ఫ్రాంక్లిన్ పాంగ్‌బోర్న్, జిమ్మీ కాన్లిన్, పోర్టర్ హాల్, రాబర్ట్ గ్రెగ్. వాళ్ళలో ఫ్రాంక్ మోరాన్ అనే ఆయన 1914లో పారిస్‌లో జాక్ జాన్సన్‌తో ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం తలపడి ఓడిన బాక్సర్. ఆ దవడ, ఆ బొంగురు గొంతు పట్టుకొచ్చి స్టర్జెస్ పోలీసు వేషాలిచ్చాడు. ఒకే మొహాలు చూసి జనానికి విసుగొస్తుంది, మార్చమని స్టూడియో పోరేది. నా మొదటి హిట్లకు ఇంత చేసిన ఈ చిన్న నటులకు నా తర్వాతి సినిమాల్లో పని చేసే నైతిక హక్కు ఉంది అనేది ఆయన జవాబు. తన జ్ఞాపకాల్లో ఆయనే రాసుకున్నాడు. జంధ్యాల గారి సినిమాలతో పెరిగిన మనకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

1944 నాటి 'హెయిల్ ద కాంకరింగ్ హీరో' మళ్ళీ చూడు, ఈసారి పాంగ్‌బోర్న్‌ని మాత్రమే చూడు. హే ఫీవర్ వల్ల సైన్యం నుంచి వెనక్కి పంపేసిన కుర్రాడిని యుద్ధవీరుడనుకుని ఊరంతా స్టేషన్‌కి తరలివస్తుంది. పాంగ్‌బోర్న్ సన్మాన కమిటీ ఛైర్మన్. ఆయన సమస్య వీరుడు కాదు, యుద్ధమూ కాదు. బ్యాండు మేళాలు ఒకటికి మించి ఉన్నాయి. ఏది ఎప్పుడు ఏ పాట వాయించాలో ఆయన మనసులో ఒక క్రమం ఉంది. ఎవడో ముందే ఊదేస్తాడు, దాన్ని విని ఇంకోడు అందుకుంటాడు. ఆయన చేతులు ఆడిస్తాడు, అరుస్తాడు, బతిమాలతాడు. పెళ్ళి పందిట్లో భజంత్రీలను అదుపు చేయబోయిన బాబాయిని చూసినవాళ్ళెవరికైనా ఆ మనిషి తెలుసు. అయితే గమనించు, పాంగ్‌బోర్న్ ఒక్క క్షణం కూడా "నేనెంత కంగారు పడుతున్నానో చూడండి" అన్నట్టు చెయ్యడు. ఆ కార్యక్రమం సరిగ్గా జరగాలి, ఆయనకి అంతే. వెనకాల కుర్రాడి అబద్ధం పెరిగి పెద్దదవుతుంటే ముందు ఈయన పాటల వరస చూసుకుంటున్నాడు. అబద్ధం ఎంత పెద్దదో మనకు అర్థమయ్యేది ఈయన శ్రద్ధ వల్లే.

'ది లేడీ ఈవ్' (1941)లో ఇంకా తమాషా. హెన్రీ ఫోండా పాముల మీద పరిశోధన చేసే కోటీశ్వరుడి కొడుకు, బార్బరా స్టాన్విక్ పేకాటలో మోసం చేసే అమ్మాయి. ఒకసారి మోసం బయటపడ్డాక ఆమే ఇంగ్లిష్ దొరసానిగా వేషం మార్చుకుని వాళ్ళింటికే వస్తుంది. ఇంత పోలిక ఉందంటే కచ్చితంగా ఇద్దరూ వేరేవాళ్ళే అని మన పండితుడి తర్కం. ఇద్దరూ ఒక్కరే అని మొదటినుంచీ మొత్తుకునేది అంగరక్షకుడు మగ్సీ, అంటే డెమరెస్ట్. ఎవరూ వినరు. సినిమాలో ఆఖరి డైలాగు హీరోదీ కాదు, హీరోయిన్‌దీ కాదు, మగ్సీది. ఇద్దరూ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక బయటికి జారుకుంటూ, ఆవిడే ఈవిడని తేల్చిచెప్పి పోతాడు. నిజం తెలిసిన ఒకే ఒక్కడికి ఆఖరి మాట ఇచ్చి, వినేవాడు లేకుండా చేశాడు రచయిత. ఈ సినిమా మీద నువ్వు రాసిన రెండు పేజీల్లో డెమరెస్ట్ పేరు లేదు!

నవ్వించాలని ప్రయత్నించకపోవడం గురించి ఇంకొక్క ఉదాహరణ చాలు. 1980లో 'ఎయిర్‌ప్లేన్!' తీసినవాళ్ళు పైలట్లు, డాక్టరు, అధికారుల వేషాలకు హాస్యనటులను పెట్టుకోలేదు. పీటర్ గ్రేవ్స్, రాబర్ట్ స్టాక్, లాయిడ్ బ్రిడ్జెస్, లెస్లీ నీల్సన్, అందరూ అప్పటిదాకా గంభీరమైన వేషాలు వేసినవాళ్ళు. నిజంగా విమానం కూలిపోతున్నట్టే చెయ్యమన్నారు. నీల్సన్‌కి అక్కడినుంచి హాస్యనటుడిగా రెండో జీవితం మొదలైంది. అయితే కంట్రోల్ రూములో జానీగా స్టీఫెన్ స్టకర్ చేసిందంతా దీనికి తలకిందులు, పూర్తిగా కోతి వేషాలే. అదీ బ్రహ్మాండంగా పేలింది. అందరూ సీరియస్‌గా ఉన్న గదిలో ఒక్కడికి ఆ సెలవు దొరుకుతుంది. నా మాటను సూత్రంలా పట్టుకోవద్దని ఇది చెబుతున్నాను.

ఇక డబ్బు. నీ వ్యాసంలో బాక్సాఫీసు అంకెలున్నాయి గానీ కూలి లెక్క లేదు. హాలీవుడ్‌లో నటుల సంఘం 1933లో పుట్టింది, ఇప్పటి పేరు సాగ్-ఆఫ్ట్రా. నిర్మాతలతో ఆ సంఘం చేసుకున్న ఒప్పందం ప్రకారం మాటల్లేకుండా వెనకాల నడిచేవాడు, మనం జూనియర్ ఆర్టిస్టు అంటామే, అతని కూలి వేరు, డైలాగు ఉన్నవాడి కూలి వేరు. 2023 నటుల సమ్మెకు ముందు మొదటివాడికి రోజుకు 187 డాలర్లు, రెండోవాడికి 1,082 డాలర్లు కనీసం. వెనకాల నిలబడ్డవాడికి సెట్లో డైరెక్టర్ ఒక డైలాగు ఇస్తే వాడు పై మెట్టుకి వెళ్ళినట్టే. వెయిటర్ నోట "ఇంకేమైనా కావాలా సార్" అని పెట్టాలా, ఊరికే తలూపించాలా అన్నది రచయితకు లయ గురించిన ఆలోచన. నిర్మాతకు ఖర్చు. ఆ వెయిటర్‌కి మాత్రం ఆ నెల అద్దెలో సగం కావచ్చు. సంఘం ఇచ్చే ఆరోగ్య బీమా అందాలంటే 2023లో ఏడాదికి 26,470 డాలర్లు సంపాదించాల్సి వచ్చేది. డైలాగు ఉన్నవాడి రోజు కూలీతో లెక్కేస్తే పాతిక రోజుల పని. పాతిక రోజులేగా అనిపిస్తుంది. సంఘం సభ్యుల్లో ఎక్కువమందికి ఆ పాతిక రోజులే దొరకవు.

మనం పాత కామెడీలను ఇంట్లో కూర్చుని చూస్తున్నాం కదా, దానికీ ఒక చరిత్ర ఉంది. 1960 నటుల సమ్మె తర్వాతే సినిమాలు టీవీలో వేసినప్పుడు నటులకు వాటా వచ్చే ఏర్పాటు జరిగింది. అంతకు ముందు తీసినవాటికి ఆ వాటా లేదు, బదులుగా నిర్మాతలు సంఘం పింఛను, ఆరోగ్య నిధికి ఒకేసారి 22.5 లక్షల డాలర్లు కట్టారు. అంటే స్టర్జెస్ మనుషులు టీవీలో ఎన్నిసార్లు కనబడినా వాళ్ళ చేతికి విడిగా చెక్కు రాదు. 2018లో ఇంకో సంగతి జరిగింది. 'ద కాస్బీ షో' అనే టీవీ సీరియల్‌లో నటించిన జెఫ్రీ ఓవెన్స్ న్యూజెర్సీలో ఒక సరుకుల దుకాణంలో పనిచేస్తుంటే ఎవరో ఫోటో తీశారు, అది వార్త అయింది. ఆయన టీవీకి వచ్చి, ఏ పనీ ఇంకో పనికన్నా తక్కువ కాదని చెప్పాడు. అవకాశాలు దొరికాయి. ఆయన కథను జాలిగా రాయకు. వేషానికీ వేషానికీ మధ్య ఇంకో పని చేసుకోవడం అక్కడ ఎప్పుడూ ఉన్నదే.

చిన్న వేషాలను పొగుడుతూ పోతే ఒక ప్రమాదముంది, అదీ చెప్పాలి. ఎవరికి ఏ చిన్న వేషం దక్కిందన్న ప్రశ్న మరుగున పడుతుంది. స్టర్జెస్ తీసిన 'ద పామ్ బీచ్ స్టోరీ'లో రైలు పెట్టెలో తాగిన వేటగాళ్ళు తుపాకులు పేలుస్తుంటే బెదిరిపోయే బార్ నౌకరు నల్లజాతి నటుడు ఫ్రెడ్ టూన్స్. టైటిల్స్‌లో తరచు "స్నోఫ్లేక్" అనే వెక్కిరింపు పేరుతోనే వేసేవారు ఆయన్ని. అదే దర్శకుడు అంతకు ముందే 'సలివన్స్ ట్రావెల్స్'లో జెస్ లీ బ్రూక్స్‌ని చర్చి పాస్టరుగా చూపించాడు. సంకెళ్ళతో వస్తున్న ఖైదీలను చిన్నబుచ్చొద్దని తన వాళ్ళకు చెప్పే ఆ సీన్ ఎంత హుందాగా ఉంటుందంటే, నల్లజాతి హక్కుల సంఘం నాయకుడు వాల్టర్ వైట్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. రెండూ ఒకే చేతి పని. ఒకటి రాసి ఇంకొకటి దాచకు.

మనవాళ్ళ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 1986లో 'షార్ట్ సర్క్యూట్'లో భారతీయుడి వేషం వేసింది ఫిషర్ స్టీవెన్స్ అనే తెల్లవాడు, మొహానికి రంగు పూసుకుని. 2024 'మీన్ గర్ల్స్'లో తెలుగింటి అమ్మాయి అవంతిక వందనపు వేసిన వేషం పేరు కారెన్ శెట్టి, అదే పేరుతో వచ్చిన 2004 సినిమాలో ఆ వేషం కారెన్ స్మిత్. తెలివితక్కువ అందగత్తె వేషం, అందులో భారతీయత గురించిన జోకు ఒక్కటీ అవసరం కాలేదు. నీ వ్యాసంలో ఆమె ప్రస్తావన ఉంది గానీ "మన అమ్మాయి" అన్న గర్వం దగ్గరే ఆగింది. ఆ అమ్మాయి ఏం చేసిందో రాయి: తెలివితక్కువ మాటను ఎంత నమ్మకంగా, ఎంత తాపీగా చెబుతుందో.

చిన్న చిన్నవి కొన్ని. పాతతరం హాస్యనటుడు ఎడ్వర్డ్ ఎవరెట్ హార్టన్‌ని "హాలీవుడ్ అల్లు రామలింగయ్య" అన్నావు, తీసెయ్. ఇద్దరిలో ఎవరికీ న్యాయం జరగలేదు. హార్టన్ సగం మాటను నమ్మి, తలూపి, రెండు క్షణాల తర్వాత ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటునే వర్ణించు. పాత సినిమాల టైటిల్స్‌లో చిన్న నటుల పేర్లు చాలావరకు ఉండవు, అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ జాబితాలో వెతుక్కో.

చివరి పేజీలో థెల్మా రిట్టర్‌కి 'పిల్లో టాక్'కి ఆస్కార్ వచ్చిందని రాశావు. రాలేదు. 1950 నుంచి 1962 దాకా వచ్చిన సినిమాలకు ఆరుసార్లు సహాయ నటిగా నామినేట్ అయింది, ఒక్కసారీ ఇవ్వలేదు. ఆ పేరా సరిచేసేటప్పుడు 'ద మేటింగ్ సీజన్' కూడా చూడు. కొడుకింటికి వస్తే కోడలు వంటమనిషి అనుకుంటుంది, ఈవిడ కాదనకుండా ఏప్రాన్ కట్టుకుంటుంది. ఆ వంటింటి సీన్లకు ఒక పేజీ అయినా కేటాయించి, అప్పుడు మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు