తెల్లచెక్క తెల్లగా రావాలంటే

బాబూ,

మేపుల్ పలకలు చెక్క ఆరబెట్టే వేడిగది, అదే కిల్న్‌లోంచి తెల్లగానే దిగాయి, చిత్రిక పట్టగానే లోపల బూడిదరంగు బయటపడిందని రాశావు. అది అలాగే వస్తుంది. పైపొర త్వరగా ఆరిపోయి తెల్లగా నిలిచిపోతుంది. దాని కింద తడి ఇంకా ఉన్నచోటే రంగు తిరుగుతుంది.

నువ్వేమో కిల్న్ షెడ్యూల్, అంటే ఏ దశలో ఎంత వేడి పెట్టాలో అడిగావు. నేను ముందు దుంగ సంగతి అడుగుతాను. నరికాక ఎన్నాళ్లు యార్డులో పడుంది? బెరడు పక్కనుండే తెల్లచెక్కలో కణాలు చెట్టు పడ్డాక కూడా కొన్నాళ్లు బతికే ఉంటాయి. వాటిలోని పదార్థాలకి గాలి, వెచ్చదనం తగిలితే రంగు మారుతుంది. ఎండాకాలం దుంగని వారాల తరబడి ఉంచేశావంటే తర్వాత ఏ షెడ్యూలూ కాపాడదు. పలకలు కోసిన రోజే మధ్యలో బద్దలు పెట్టి పేర్చెయ్. బద్దలు బాగా ఎండినవి, సన్నవి కావాలి. ఒకసారి వానకి తడిసిన బద్దలనే 'చాల్లే' అనుకుని వాడాను. ప్రతి పలక మీదా నిచ్చెన మెట్లలా అడ్డచారలు. ఎంత చిత్రిక పట్టినా పోలేదు.

ఇక కిల్న్. మొదట్లో వేడి 40-43 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకు. లోపలి గాలి పొడిగా ఉండాలి, ఫ్యాన్లు గట్టిగా తిరగాలి. చెక్కలో తేమ 25 శాతం లోపుకి దిగాకే మెల్లగా వేడి పెంచు. పచ్చిచెక్కకి వేడి తగిలిస్తే రంగు పోయినట్టే.

ఇదే పద్ధతి ఓక్‌కి పెట్టావో, పగుళ్లు తప్పవు. దాన్ని నిదానంగానే ఆరనివ్వాలి. మేపుల్‌తో ఒకే లోడులో మాత్రం వెయ్యకు. ఓక్‌కి ఇంకో గొడవ ఇనుము. కిల్న్ పైకప్పు నుంచి తుప్పునీరు ఒక్క చుక్క పడినా, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నీలినలుపు మచ్చ తేలుతుంది. ఆక్సాలిక్ యాసిడ్‌తో పోగొట్టొచ్చు గానీ, అన్ని పలకలకీ ఎవడు రుద్దుతాడు? చుక్క పడే చోటు చూసి బాగుచేయించు.

వాల్‌నట్‌ది తిరకాసు వ్యవహారం. అక్కడ తెల్లచెక్కని చేవ రంగుకి దగ్గర చేయాలని పచ్చిగా ఉండగానే ఆవిరి పడతారు.

వచ్చే లోడులో ఒక పొడుగు పలకని బయటికి లాగడానికి వీలుగా అంచున పెట్టు. రెండ్రోజులకోసారి దాని చివర జానెడు వదిలి, లోపలి నుంచి ఒక ముక్క కోసి, చిత్రిక పట్టి చూడు. బూడిదరంగు ఏ రోజు మొదలైందో, ఆ రోజు తేమ, వేడి ఎంతున్నాయో రాసి పంపు. మొదటి ముక్కలోనే కనిపిస్తే మాత్రం కిల్న్ జోలికెళ్లకు, దుంగలు తెచ్చేవాణ్ణి అడుగు.