ఫ్రాన్స్‌లో రోజులు గడవడం కష్టమా? నా అనుభవంలో కష్టమంతా అంకెలతోనే

మీ ప్రశ్న చదివాను. జనవరిలో మీవారి ఉద్యోగం మీద లియోన్ వస్తున్నారు, అక్కడివాళ్ళకి పొగరనీ ఇంగ్లీషులో అడిగితే పలకరనీ అందరూ భయపెడుతున్నారు, రోజులు గడుస్తాయా అని అడిగారు. నేను లియోన్‌లోనే ఏడేళ్ళుగా ఉంటున్నాను. పొగరు సంగతి పక్కన పెట్టండి. ఇక్కడ మనల్ని ఏడిపించేది మనుషులు కాదు, అంకెలు.

69 వరకూ బాగానే ఉంటుంది. డెబ్బైకి వీళ్ళకి విడిగా మాట లేదు, అరవై పది అంటారు. 76 అంటే అరవై పదహారు. ఎనభై అంటే నాలుగు ఇరవైలు, 97 అంటే నాలుగు ఇరవైల పదిహేడు. ఫోన్ నంబరేమో పది అంకెలు, రెండేసి కలిపి చెబుతారు. నాలుగు అని వినబడగానే 4 రాస్తాం. కొట్టేసి 80 చేస్తాం. అది 97 అని తెలిసేసరికి అవతలివాళ్ళు తర్వాతి జతకి వెళ్ళిపోయి ఉంటారు. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న జెనీవాలో ఇదే ఫ్రెంచి మాట్లాడతారు, డెబ్బైకీ తొంభైకీ శుభ్రంగా వేరే మాటలున్నాయి. వీళ్ళు కూడా అవే వాడుకుంటే ఎంత బాగుండేది!

మాది క్రువా రూస్ గుట్ట మీద మూడో అంతస్తు, ఇంటి నంబరు 76. వచ్చిన రెండో చలికాలంలో ఓ శనివారం రాత్రి మావాడికి జ్వరం పేలిపోయింది. అప్పటికి వాడికి పద్నాలుగు నెలలు. మావారు వేరే ఊళ్ళో ఉన్నారు. 15కి ఫోన్ చేశాను, ఇక్కడ అంబులెన్సు వాళ్ళ నంబరు అది. జ్వరం ఎంత అని అడిగారు. నా చేతిలో ఉన్నది కాకినాడ నుంచి తెచ్చుకున్న థర్మామీటరు. అందులో ఉన్నట్టే 103 అని చెప్పాను. అవతల ఒక్క క్షణం మాట లేదు. ఇక్కడ అందరూ సెల్సియస్‌లోనే చూస్తారు, 39.4 అని చెప్పాలి. ఆయనే లెక్క వేసుకుని, ఇంటికి డాక్టరుని పంపిస్తాం, అడ్రసు చెప్పమన్నాడు.

అరగంటకి డాక్టరు ఫోన్. కింద ఉన్నాను, మీ పేరు గల బెల్లు లేదంటున్నాడు. కిటికీలోంచి చూస్తే వీధిలో ఎవరూ లేరు. పిల్లాడు భుజం మీద కాలిపోతున్నాడు. నాకు వచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కలూ టెన్షన్‌లో ఎగిరిపోయాయి. నా గొంతు విని ఎదురు ఫ్లాట్ పెద్దావిడ తలుపు తీసింది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని రెండు మాటలు మాట్లాడి, నైటీ మీద కోటు వేసుకుని, ఇంట్లో తిరిగే చెప్పులతోనే మూడంతస్తులూ దిగింది. పైనుంచి చూస్తున్నాను. ఆ చలిలో రోడ్డు మధ్యలో నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. ఐదు గుమ్మాల అవతల, 66 ముందు నుంచి డాక్టరు పెట్టె పట్టుకుని నడిచొస్తున్నాడు.

చెవిలో ఇన్ఫెక్షన్, మందు పడగానే తగ్గింది. కానీ నేను 66 అని ఎలా చెప్పాను? మర్నాడు పొద్దున ఆవిడ కాగితం మీద రెండు నంబర్లూ రాసుకొచ్చింది. 66 స్వసాంత్ సీస్, 76 స్వసాంత్ సేజ్. ఫోన్‌లో తేడా ఎంతని వినబడుతుంది? పైగా సేజ్ చివర అక్షరం మన 'జ' కాదు, నాలుక పళ్ళకి తగలకుండా జుమ్మని రావాలి. నా వేలు తీసి నా గొంతు మీదే పెట్టించింది. సీస్ చివర గొంతు కదలకూడదు, సేజ్ చివర వేలి కింద తుమ్మెద తిరిగినట్టుండాలి. ఇరవైసార్లు చెప్పించింది. ఆ తర్వాత మూడు నెలలు మా వీధి చివర సంతకి నన్ను వెంటబెట్టుకెళ్ళి, క్యారెట్ల వాడి దగ్గరా చీజ్ వాడి దగ్గరా ధర విని డబ్బులివ్వడం నా చేతే చేయించింది. తప్పు చేస్తే కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపేది, ఒక్కసారి కూడా నవ్వలేదు. ఇప్పుడు చెప్పండి, ఇది పొగరా?

మన యూట్యూబ్ వీడియోల మీద నాకు కోపం అందుకే. ఈఫిల్ టవర్ చూపిస్తారు, బోంజూర్, అంటే నమస్కారం, అని పలకరిస్తే చాలు పనైపోతుందంటారు. దుకాణంలో అడుగు పెట్టగానే బోంజూర్ అనడం మర్యాదే, అనకపోతే ముఖం మాడ్చుకుంటారు, నిజమే. కానీ బోంజూర్ అంటే డాక్టరు మీ గుమ్మం ముందుకి రాడు. అపార్ట్‌మెంట్ల తలుపులకి కోడ్ కూడా ఉంటుంది, దాన్నీ ఫోన్‌లో చెప్పగలగాలి.

మిగతావన్నీ అలవాటైపోతాయి. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు, పాలూ కూరగాయలూ శనివారమే తెచ్చి పెట్టుకోండి. కందిపప్పు, చింతపండు గిలోతియేర్ పేటలో దొరుకుతాయి. మాది యానాం పక్కనే అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు. 1954 వరకూ వీళ్ళ చేతిలోనే ఉన్న ఊరు! పాండిచ్చేరి అంటే మాత్రం తెలుసు. నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పిల్లలుంటే సెల్సియస్ థర్మామీటరు కొనుక్కుని రండి. ఇల్లు కుదిరాక నంబరు 70 దాటితే ఇక్కడే నాకు రాయండి, ఎలా పలకాలో రికార్డు చేసి పంపిస్తాను.